సిక్ లైన్‌లో ఫ్రెంచి రొట్టెలు

మా సిక్ లైన్‌లో రిటైరైన మనిషి ఎంత పని చేశాడో ఎవరికీ గుర్తుండదు. ఆఖరి రోజున ఏం పెట్టాడో మాత్రం గుర్తుంటుంది. సిక్ లైన్ అంటే ఆసుపత్రి కాదు. టాటానగర్ యార్డులో ఒక మూల, జబ్బు చేసిన గూడ్సు వేగన్లను తెచ్చి నిలబెట్టే చోటు. స్ప్రింగు విరిగినవి, తలుపు ఊడినవి, అడుగు చిల్లుపడి దారంతా ఇనపరాయి రాల్చుకుంటూ వచ్చినవి, అన్నీ మా దగ్గరికే వస్తాయి. వాటి కింద దూరి, వెల్డింగు చేసి, మళ్లీ పట్టాల మీదికి తోలడం మా పని. నేను చేరినప్పుడు నా జుట్టు నల్లగా ఉండేది, బయటికొచ్చినప్పుడు జుట్టే లేదు. ఈ మధ్యలో బాగు చేసిన వేగన్లన్నీ వరసగా నిలబెడితే ఖరగ్‌పూర్ దాటిపోతాయని నా అంచనా. ఆ అంచనా ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

రిటైర్మెంటు రోజున వెళ్లిపోయేవాడు ఉండేవాళ్లందరికీ తలా ఒక అట్టపెట్టె ఇవ్వాలి. ఇది రూలు కాదు. రూలైతే ఎవరూ పాటించేవాళ్లు కాదు. పెట్టెలో సమోసా, రసగుల్లా, బర్ఫీ ముక్క, చిన్న మిక్చర్ పొట్లం. ముందు దండలు, తర్వాత ఆఫీసరు గారి ఉపన్యాసం, ఆ తర్వాత పెట్టెలు. ఉపన్యాసం జరుగుతున్నంతసేపూ అందరి కళ్లూ మూలన పేర్చిన పెట్టెల మీదే ఉంటాయి. ఇక ఆ రోజు నుంచి ఆ మనిషిని పెట్టె పేరుతోనే పిలుస్తారు. మా అందరికీ చేయి పట్టి పని నేర్పిన పెద్దాయన ఒకాయన ఉండేవాడు. ఆయన్ని ఇప్పటికీ ఉప్పు లేని కచోరీ అంటారు. ఇంకొకాయన, పట్టాలు తప్పిన బండి దగ్గర రాత్రనకా పగలనకా పనిచేసిన మనిషి. ఆయన రసగుల్లా పాకం కారి ఆఫీసరు గారి పేంటు పాడైంది కాబట్టి ఆయన పాకం బాబు. నేనూ అలాగే అంటాను. అంతకంటే తేలికైన గుర్తు ఇంకోటి లేదు మరి.

వెక్కిరింపు పేరు పెట్టినా నాకు పర్వాలేదు. ఏ పేరూ పెట్టకపోతేనే భయం. రిటైరైనవాళ్లు అప్పుడప్పుడు ఊసుపోక గేటు దగ్గరికి వస్తుంటారు. కొత్తగా చేరినవాళ్లు "కౌన్?" అంటారు. ఆ ముసలాయన తను పనిచేసిన లైను వైపు చెయ్యి చూపించి ఏదో చెప్పబోతాడు. చెప్పేలోపు అడిగినవాడు హెల్మెట్ పెట్టుకుని వెళ్లిపోతాడు. ఇది చాలాసార్లు చూశాను. నా రోజు దగ్గర పడేకొద్దీ బీపీ, మోకాళ్లు, అమ్మాయి పెళ్లి, ఇవన్నీ వెనక్కి పోయి ఒక్క భయమే ముందుకొచ్చి కూర్చుంది. ఆ గేటు దగ్గర నన్నెవడూ ఎవరు నువ్వు అని అడగకూడదు.

దీనికి తోడు బావ. బావంటే చుట్టరికం ఏమీ లేదు. మాది శ్రీకాకుళం వైపు, ఆయనదీ అటే, మా వైపు స్నేహితుణ్ణి బావా అంటాం. ఇద్దరం ఒకేసారి చేరాం, కాలనీలో పక్కపక్క క్వార్టర్లు. మా అమ్మ చెప్పిన ప్రకారం నేను చలికాలంలో పుట్టాను, బావ మామిడికాయల రోజుల్లో పుట్టాడు. కానీ మా వైపు బళ్లలో పంతుళ్లకి పుట్టినరోజులు కనుక్కునే ఓపిక ఉండేది కాదు. బళ్లో వేసిన ప్రతి పిల్లాడికీ జూలై ఒకటి రాసేసేవారు. రైల్వేలో సగం మంది తెలుగువాళ్లం అలా ఒకే రోజు పుట్టి, జూన్ ముప్పై సాయంత్రం ఒకే రోజు ముసలివాళ్లమవుతాం. మా ఇద్దరికీ రాసిన ఏడాది కూడా ఒకటే. అంటే నాకూ బావకీ అదే రోజు, అదే హాలు, అదే ఉపన్యాసం. పెట్టెలు మాత్రం రెండు, పక్కపక్కనే.

"నువ్వేటి పెడతన్నావు బావా?" అని అడిగాను.

"సమోసా, రసగుల్లా. జుగ్సలాయి కొట్లో సెప్పీసేను. ఇంకేటి పెడతాం, పెళ్లేటి?" అన్నాడు బావ.

బావ ఎప్పుడూ అంతే. వెల్డింగు చేస్తే అతుకు ఎక్కడుందో కనపడదు, మాట్లాడితే మనిషి ఎక్కడున్నాడో వినపడదు. ఆయన పక్కన నేను కూడా సమోసా పెడితే ఇద్దరం కలిసి ఒక్క సమోసాలో కలిసిపోతామని నాకు అర్థమైపోయింది.

ఆ మాటే ఇంట్లో అన్నాను. మా అమ్మాయి బిష్టుపూర్‌లో ఒక ఆఫీసులో పనిచేస్తుంది. నేను తెలుగులో అడగడం, తను హిందీలో జవాబివ్వడం మా ఇంట్లో ఎప్పటినుంచో నడుస్తున్న పద్ధతి. "పాపా, సమోసా తో సబ్ దేతే హైఁ. క్రోసాంట్ దీజియే, ఫ్రెంచ్ వాలా" అని, సమోసా అందరూ పెట్టేదే, ఇది పెట్టమని ఫోన్లో బొమ్మ చూపించింది. నెలవంకలా వంగిన రొట్టె. మా ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చూసి, "ఈ వంకర రొట్టేటే? సక్కగా కాల్చనేపోయేరా?" అంది.

అప్పటికే మా టాటానగర్‌లో ఫ్రెంచి బేకరీలు మొలవడం మొదలైంది. ఫ్రెంచివాడు మాత్రం ఎక్కడా కనపడలేదు. మే నెల ఎండలో, నేనూ మా ఆవిడా స్కూటరు మీద, అమ్మాయి తన స్కూటీ మీద, మూడు బేకరీలు తిరిగి పోల్చి చూద్దామని బయల్దేరాం.

మొదటిది సాక్చిలో. ఆ కొట్టు నాకు తెలుసు. ఇన్నాళ్లూ క్రీమ్ రోళ్లు, బిస్కట్లు అమ్మేవాడు. బోర్డు ఒక్కటే కొత్తది, ఈగలు పాతవే. ఆయన క్రోసాంట్ అని ఇచ్చింది, మేం చిన్నప్పటి నుంచి తింటున్న బన్ను. పిండి ముద్దని వంచితే చాలు ఫ్రాన్సు అయిపోతుందని ఆయన నమ్మకం. పైగా మధ్యలో టూటీ ఫ్రూటీ వేశాడు. "ఏ క్యా హై భయ్యా?" అని అమ్మాయి నిలదీస్తే, "స్పెషల్" అన్నాడు. ఆ ధైర్యం చూసి నాకు ముచ్చటేసింది.

రెండోది కద్మాలో. తలుపు తోస్తే చల్లగాలి, ఏదో పాట, కూర్చుంటే నడుం పట్టేసే కుర్చీలు. టోపీ పెట్టుకున్న అమ్మాయి పళ్లెంలో పెట్టి ఇచ్చింది. ఇది నిజంగానే పొరలు పొరలుగా ఉంది. చేత్తో ముట్టుకుంటే పెళపెళమని విరిగి సగం చొక్కా మీద, సగం నేల మీద పడింది. మా ఆవిడ విప్పి చూసి, "ఏటండి, లోపల ఏటీ లేదు? గాలెట్టి మూసేసేరా?" అంది. లోపల ఖాళీగా ఉంటేనే గొప్పది అని అమ్మాయి చెప్పింది. ఆ లెక్కన మా ఆఫీసర్లలో చాలామంది గొప్పవాళ్లే అనుకున్నాను.

ఇక్కడ మా ఆవిడ గురించి ఒక మాట చెప్పాలి. పొరలున్న తిండి ఏదైనా సరే, ఆమె దాన్ని మడత కాజాతో పోల్చి చూస్తుంది. మడతలు విడివిడిగా కనపడాలి, పంటి కింద కరకరమనాలి, మర్నాటికి మెత్తబడకూడదు. మొదటి రెండు పరీక్షల్లో కద్మాది నెగ్గింది. మూడో సంగతి ఆమె టోపీ అమ్మాయినే అడిగింది. "తాజాగానే తినాలి మేడమ్" అని ఆ పిల్ల హిందీలో చెప్పింది.

"మెత్తబడిపోతాదండి ఇది. డబ్బాలో పెట్టి మూసేత్తే అసలే నిలబడదు" అంది మా ఆవిడ నాతో.

నేను వినలేదు. మే నెలలో మా ఊళ్లో మెత్తబడే వస్తువు ఏదీ ఉండదు. బట్టలు తీగ మీద వేసి వెనక్కి తిరిగేలోపు అట్టలవుతాయి. పైగా అప్పటికే నా కళ్లు కౌంటరు వెనక పేర్చిన పెట్టెల మీద పడ్డాయి. తెల్లటి పెట్టె, మీద బంగారు రంగులో ఈఫిల్ టవర్.

మూడో బేకరీ నది అవతల, మాంగో అనే పేటలో. వంతెన మీద ఆటోల మధ్య ఇరుక్కుని, చెమటతో తడిసి, ఒక సందులో సగం ఎత్తిన షట్టరు ముందు ఆగాం. పుదుచ్చేరిలో ఏదో హోటల్లో వంట చేసి వచ్చినాయన నడుపుతున్నాడు. ఆయన మాటలాడలేదు, నవ్వలేదు, ఖాకీ కాగితంలో చుట్టి చేతిలో పెట్టాడు. మా ఆవిడ ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంది. మా పెళ్లైన దగ్గర్నుంచి నేను తెచ్చిన ఏ వస్తువుకీ ఆమె అలా కళ్లు మూసుకోలేదు. వెన్న వాసన సందు చివరిదాకా వస్తోంది. "ఇదేనండి" అంది.

కానీ పైన గుడ్డు సొన పూస్తాడట. మా సిక్ లైన్‌లో గుడ్డు ముట్టనివాళ్లు కొందరున్నారు. అసలు సంగతి అది కూడా కాదు. ఆయన దగ్గర పెట్టెలు లేవు.

ఇంటికొచ్చి మూడు రకాలూ పళ్లేల్లో పెట్టి, ఏ పక్షమూ లేని మనిషి కావాలని బావని పిలిచాం. బావ వచ్చి కూర్చుని, టీ తెప్పించుకుని, మూడింటినీ ఒక్కొక్కటిగా టీలో ముంచాడు. మా అమ్మాయి నెత్తి కొట్టుకుంది. కద్మాది టీలో పడగానే ఆనవాలు లేకుండా పోయింది. మాంగోది సగం మిగిలింది. సాక్చి బన్ను మాత్రం చెక్కుచెదరలేదు. "ఇదే బాగుంది బావా. నిలబడింది" అని తీర్పు చెప్పి, బావ మిగిలిన టీ తాగి వెళ్లిపోయాడు.

నేను కద్మాలో ఆర్డరిచ్చాను. గుడ్డు లేకుండా చేస్తామన్నారని ఇంట్లో చెప్పాను. నిజానికి నేను కొన్నది టవరున్న పెట్టె. రొట్టె దాంతోపాటు వచ్చింది.

జూన్ ఆఖరికి వానలు దిగాయి. ముప్పయ్యో తారీఖున తెల్లవారినప్పటి నుంచీ ముసురు. పొద్దున్నే కాల్చి, వేడివేడిగా పెట్టెల్లో పెట్టి, తడవకుండా పైన ప్లాస్టిక్ కప్పి, కద్మా వాళ్లు ఎంతో శ్రద్ధగా సిక్ లైన్‌కి తెచ్చి దించారు. మధ్యాహ్నం దండలు వేసే ముందు, మనసాగక నేను ఒక పెట్టె మూత తీశాను. పైన టవరు తళతళలాడుతోంది. లోపల రొట్టె చెమట పట్టి, కుంగిపోయి, నీళ్లు పిండి పడేసిన గుడ్డలా పడుంది. ఇంకోటి తీశాను. ఇంకోటి. అన్నీ అంతే. ఇనుము కూడా తుప్పు పట్టే గాలిలో మే నెల కరకరలు ఎక్కడుంటాయి?

సరిగ్గా అప్పుడే బావ సమోసాలు దిగాయి. జుగ్సలాయి నుంచి వెదురు బుట్టల్లో, పైన గుడ్డ కప్పి, మూకుట్లోంచి తీసినవి తీసినట్టు. ఆ వాసనకి షెడ్డులో సుత్తి చప్పుళ్లు ఆగిపోయాయి. నాకు ఒళ్లు మండింది. వాన మీద, కద్మా మీద, జూలై ఒకటి రాసిన పంతులి మీద. ఆ తర్వాత ఏడుపొచ్చింది. తడిరొట్టె బాబు అని నా చెవిలో అప్పుడే ఎవరో పిలుస్తున్నట్టుగా ఉంది.

మా ఆవిడ పట్టుచీర కట్టుకుని వచ్చింది. పెట్టెలోకి చూసింది, నా మొహంలోకి చూసింది. "నాను సెప్పనేదేటండి" అని అనలేదు. ఆ ఒక్క మాట అనకపోవడానికి ఆమె ఎంత కష్టపడిందో నాకు తెలుసు. షెడ్డంతా ఒకసారి కలయజూసి, "అదేటండి ఆ బీరువా? దాంట్లోంచి టిఫిన్లు తీత్తన్నారేటి?" అని అడిగింది.

అది వెల్డింగ్ రాడ్లు ఆరబెట్టే ఓవెన్. రాడ్డుకి చెమ్మ తగిలితే అతుకు నిలవదు, అందుకని వాడే ముందు వాటిని అందులో వేడి చేస్తాం. కింది అరలో అందరూ మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు పెట్టుకుంటారు. రూలు ప్రకారం తప్పే. ఆఫీసరు గారు కూడా అటు వైపు చూడకుండా వెళ్లి, తన డబ్బా పంపిస్తారు.

"రాడ్లకి చెమ్మ పోతే ఈటికి పోదేటి?" అంది మా ఆవిడ. కొంగు నడుముకి దోపింది.

తర్వాత జరిగిందానికి నేను సాక్షిని మాత్రమే. ఆమె చెప్తుంటే మా ఫిట్టర్లు కడిగిన రేకుల మీద క్రోసాంట్లు పరిచి, విడతలు విడతలుగా ఓవెన్లోకి తోశారు. హాల్లో ఆఫీసరు గారు మా ఇద్దరి సేవల గురించి మొదలుపెట్టారు. నిబద్ధత దగ్గరికి వచ్చేసరికి వెన్న వాసన హాల్లోకి వచ్చింది. గ్రీజు, తుప్పు, బొగ్గు తప్ప ఇంకో వాసన ఎరగని చోటది. వెనక వరసలు ఒక్కొక్కరే లేచి షెడ్డులోకి జారుకున్నారు. క్రమశిక్షణ దగ్గరికి వచ్చేసరికి ఆఫీసరు గారు కూడా ముగించేశారు.

రుచి గురించి అబద్ధం చెప్పను. కొన్ని మాడాయి. కొన్నిటికి ఇనప వాసన పట్టింది. అయినా చేతులు కాల్చుకుంటూ, ఊదుకుంటూ, గ్లాసులో టీతో అందరూ తిన్నారు. పొరలు రాలి దండల మీద, యూనిఫాముల మీద, ఆఫీసరు గారి మీసం మీద అంటుకున్నాయి. ఆయన మీసంతో అలాగే ఫోటో దిగారు. టవరున్న పెట్టెలు ఖాళీగా మూలన పడున్నాయి, వాటిని ఎవరూ చూడలేదు. బావ సమోసాలు కూడా అందరూ తిన్నారు. చాలా బాగున్నాయి అని చేతులు తుడుచుకున్నారు.

ఆ చలికాలంలో మాతో పనిచేసిన ఒకాయన రిటైరవుతుంటే నేనూ బావా కలిసి వెళ్లాం. గేటు దగ్గర కొత్త వెల్డరు ఒకడు ఆపాడు. వాణ్ణి నేనెప్పుడూ చూడలేదు. మా మొహాలు పరీక్షగా చూసి, నా వైపు వేలు చూపించి, "అరే! ఆప్ వహీ ఓవెన్ వాలే అంకుల్ హైఁ నా?" అని పెద్దగా నవ్వాడు. ఆఫీసరు గారి మీసం సంగతి కూడా వాడికి తెలుసు. వాడు చేరకముందు జరిగినది వాడు నాకే చెప్తున్నాడు. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఈఫిల్ టవర్ ఎక్కినంత పనైంది.

అప్పుడు వాడు బావ వైపు తిరిగి, "ఔర్ ఆప్?" అన్నాడు.

బావ సిక్ లైన్ వైపు చెయ్యి చూపించాడు. "మై భీ... ఉసీ దిన్..." అన్నాడు, నేనూ ఆ రోజే అన్నట్టుగా. అంతవరకే వచ్చింది మాట. వాడు మర్యాదగా తలాడించి, హెల్మెట్ పెట్టుకోబోయాడు. ఆ వెనక లైన్లో నిలబడ్డ వేగన్లలో సగానికి ఆయన అతుకులున్నాయి. కనపడకుండా అతకడమే ఆయన చేసిన తప్పు. ఆయన సమోసాలో లోపమేమీ లేదు. ఎత్తిన చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయిన బావని చూసి, నేను వాడి భుజం తట్టాను.

"ఓవెన్ కా ఐడియా ఇన్హీ కా థా" అన్నాను. అందులో పెట్టమన్నది ఈయనే అని.

వాడు హెల్మెట్ తీసేశాడు. "సచ్?" అని బావ చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయాడు. నలుగురిని పిలిచి చూపించాడు. వాళ్లు ఓవెన్ పక్కన బావని నిలబెట్టి ఫోటోలు తీసుకున్నారు. బావ మొదటి ఫోటోలో బెదిరిపోయి ఉన్నాడు, చివరి దాంట్లో ఓవెన్ మీద చెయ్యి వేసి ఉన్నాడు.

ఇద్దరం ఇంటికి వచ్చాం. క్వార్టరు దగ్గర బావ ఆగి, "ఎందుకలాగ సెప్పేవు బావా?" అన్నాడు.

"ఏదో నోటికొచ్చింది" అన్నాను.

సంక్రాంతులూ ఉగాదులూ లేని ఒక మామూలు ఆదివారం, మా అమ్మాయి ఆఫీసువాళ్లు ఇంటికి వచ్చారు. మాంగో నుంచి వేడిగా క్రోసాంట్లు తెచ్చారు. బావ కూడా ఉన్నాడు. వాటిని చూడగానే, ఎవరూ అడగకుండానే బావ మొదలుపెట్టాడు. ఎప్పుడూ రెండు మాటలకి మించి మాట్లాడని మనిషి చేతులు తిప్పుతూ, హిందీ తెలుగు కలిపి చెప్తున్నాడు. "మా బావ ఏడుపు మొహమెట్టీసేడు. అప్పుడు నానన్నాను, రాడ్లకి చెమ్మ పోతే ఈటికి పోదేటి, అని!" అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మాయి నోరు తెరిచి నా వైపు చూసింది. నేను గోడ మీది కేలెండరు చూస్తున్నాను.

మా ఆవిడ టీ గ్లాసుల పళ్లెంతో వంటింటి గుమ్మంలో నిలబడిపోయి ఉంది. మొత్తం వింది. ఆమె బావ దగ్గరికి వచ్చి, గ్లాసు చేతికిచ్చి, "అవునన్నయ్యా. ఆ రోజు నువ్వు నేకపోతే మా పరువు పోయీదే" అంది. ఆయన పళ్లెంలో ఇంకో క్రోసాంట్ వేసింది. బావ దాన్ని టీలో ముంచుకున్నాడు.

తర్వాత నా గ్లాసు నా ముందు పెట్టింది, మొహం చూడకుండా. ఒక గుక్క తాగాను. పంచదార వెయ్యలేదు. నోరు మూసుకుని మొత్తం తాగేశాను.